ఎగువన కురిసిన వాన

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ ఈ మాట చెప్పబోయి చాలాసార్లు నీళ్ళు నమిలాను. ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మాటల్లో చూస్తే పెద్దదేమీ కాదు. ఒక్క వాక్యం. దాన్ని నమ్మి ఒక మనిషి నదిలోకి దిగాడు. ఆ తర్వాత ఇంకో వాక్యం అన్నాను. దాని కింద అతని భార్య, కూతురు ఇన్నేళ్ళూ బతికారు. మొదటిదాన్ని పిరికితనం అనుకోవచ్చు. రెండోదానికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

అతని పేరు ఖలీల్ అనుకోండి. అసలు పేరు అది కాదు. హైదరాబాదువాడు. నేను ఖమ్మం వైపువాణ్ణి. సింగపూర్ వచ్చిన కొత్తలో ఒకే ఆఫీసులో పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నాం. తర్వాత అతను వేరే కంపెనీకి మారాడు, పెళ్ళయ్యాక పుంగ్గోల్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. నేను ఊరికి రెండో చివర, క్లెమెంటిలో ఉండిపోయాను. అయినా ఆదివారమంటే నేను రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళవలసిందే. అతని భార్య నస్రీన్‌ను భాబీ అనేవాణ్ణి. వాళ్ళమ్మాయి అప్పుడే బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. నా భుజమెక్కి ఆడేది.

ఖలీల్ తాత ఆదిలాబాద్ అడవుల్లో వేటాడేవాడట, వేట మీద నిషేధం లేని రోజుల్లో. ఖలీల్‌కు మిగిలినవి ఆ కథలే. ‘తుపాకి పేల్చడం కాదు రా, మనిషి గొంతు వినపడని చోట ఒక్కసారి నిలబడాలె’ అనేవాడు. ఏ కిటికీ తీసినా ఎదురుగా ఇంకో కిటికీ కనిపించే ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ కోరిక అర్థమవుతుంది. గన్ క్లబ్‌లో చేరి గురి నేర్చుకున్నాడు. చివరికి న్యూజిలాండ్ దక్షిణ ద్వీపాన్ని ఎంచుకున్నాడు. అక్కడి కొండల్లో ఎల్క్ ఉంది. ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చి వదిలిన పెద్ద జాతి దుప్పి. గుర్రమంత ఎత్తు, చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు. మాంసాన్ని అక్కడి మసీదుకు ఇచ్చేస్తానన్నాడు. గైడ్‌ను పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు. ఇంకొకడు చూపించిన అడవి తనది కాదన్నాడు.

కాబట్టి ప్లానంతా మాదే. నిజానికి నాది.

నా ఉద్యోగం మ్యాపులతోనే. ఉపగ్రహ చిత్రం చూసి, ఈ నేల ఎంత వాలుగా ఉంది, నీరు ఎటు పారుతుంది, దారి ఎక్కడ వేయవచ్చు అని చెప్పడం. ఖలీల్ శరీరాన్ని సిద్ధం చేసుకుంటాడు, నేను చోటును సిద్ధం చేస్తాను, అదీ మా ఒప్పందం. అతను బియ్యం మూట బ్యాగులో పెట్టుకుని వాళ్ళ బ్లాకు మెట్లు కింది నుంచి పై అంతస్తు దాకా ఎక్కీ దిగీ చెమటలు కక్కేవాడు. నేను నా గదిలో కూర్చుని, ఎప్పుడూ చూడని లోయను వేలితో తడుముతూ ఉండేవాణ్ణి. జంతువులు పొద్దున ఎక్కడ మేస్తాయి, ఎండెక్కాక ఏ చెట్ల నీడకు పోతాయి, గాలి ఎటు వీస్తుంది, ఎటునుంచి వెళితే మనిషి వాసన అందదు. అన్నీ తెర మీదే. కొన్నాళ్ళకు ఆ లోయ నాకెంత అలవాటైందంటే, కళ్ళు మూసుకుంటే మా వీధి కన్నా అదే స్పష్టంగా కనిపించేది. ఆ లోయలో నేను వేసిన దారి మీద ఎప్పుడూ ఎవరూ ఉండేవారు కాదు. ఎవరో నడవబోతున్నారన్న సంగతి నాకు అప్పుడప్పుడూ వింతగా అనిపించేది.

ఆ దుప్పిని కూతపెట్టి పిలవాలి. మరో మగది వచ్చిందనుకుని పోటీకి బయటికి వస్తుంది. ఖలీల్ ఒక ప్లాస్టిక్ గొట్టం కొని పుంగ్గోల్ నీటి ఒడ్డున నిలబడి ఆ కూత సాధన చేసేవాడు. సన్నగా మొదలై, ఈలలా పైపైకి లేచి, ఎవరో ఏడుపు ఆపుకున్నట్టు చివర తెగిపోయేది. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ఆగి వెనక్కి చూసేవారు. అమ్మాయి పకపకా నవ్వేది. నాకు మాత్రం ఎండలో కూడా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

నేను కూడా వెళ్ళవలసింది. సెలవు దొరకలేదన్నాను. అది నిజమే. దొరికేలా గట్టిగా అడగలేదన్నది కూడా నిజమే.

ఇప్పుడు ఫోన్ సంగతి.

నేను వేసిన దారి లోయ మొదట్లో ఒక గొర్రెల ఫారం గుండా పోతుంది. దాని యజమాని అనుమతి కావాలి. ఆ పైన కొంత దూరం వెళ్ళాక నదిని దాటాలి. వంతెన లేదు. తెర మీద చూస్తే అక్కడ నది వెడల్పుగా, పాయలు పాయలుగా, రాళ్ళు తేలి కనిపిస్తుంది. లోతు ఉండదని నా అంచనా. అయినా ఫారం వాళ్ళను అడుగుదామనుకున్నాం. అడగడం నా పని. నంబరు దొరికింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు కారిడార్‌లో నిలబడి ఫోన్ చేశాను.

ఒక ముసలావిడ ఎత్తింది. ఆమె ఇంగ్లీషు నాకు సగం కూడా అందలేదు. మాటలు గొంతులోనే నలిగి, ఒకదాని మీద ఒకటి పడి వచ్చేవి. పైగా అటువైపు గాలి హోరు. ఫారం దాటడానికి అభ్యంతరం లేదన్నట్టు అర్థమైంది. నది గురించి అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆగి, అదే మాట మళ్ళీ చెప్పింది, ఈసారి మెల్లగా. నాకు చెవిన పడింది ఒక్కటే పదం, ‘ఫైన్’. అటుపక్క మా మేనేజరు వస్తున్నాడు. మూడోసారి చెప్పమని అడగడానికి నాకు సిగ్గేసింది. ‘యెస్, యెస్, థాంక్యూ’ అన్నాను. పెట్టేశాను.

అర్థం కాకపోయినా తలూపడం నాకు అలవాటు. ఈ దేశంలో మీటింగుల్లో అలాగే నెగ్గుకొచ్చాను. తలూపి, తర్వాత తీరిగ్గా ఎవరినో అడిగి తెలుసుకోవడం. ఈసారి తర్వాత అడగలేదు. ఎందుకు అడగలేదు? పని ఒత్తిడా? కాదు. ‘ఫైన్’ అన్న పదం నా మ్యాపు చెప్పినదానికి సరిపోయింది. నా మ్యాపు తప్పని చెప్పే మాట వినడం నాకు ఇష్టం లేదు. ఇది ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఖలీల్ రోడ్డు చివర దాకా వెళ్ళి, ఫోన్ పనిచేసే ఆఖరి చోటు నుంచి నాకు కాల్ చేశాడు. వెనక ఏదో పక్షి అరుస్తోంది. అతని గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

“అరె, గా ఫారం ఆమెను నది సంగతి అడిగినవా?”

“అడిగిన.”

“ఏమన్నది?”

“ఫైన్ అన్నది. మోకాళ్ళ దాక కూడ రాదంట.”

మోకాళ్ళ మాట ఆమె అనలేదు. అది నేను తెర మీద చూసి కట్టుకున్న అంచనా. ఆమె నోట పెట్టేశాను.

“పక్కానా? ఇక్కడ ఇల్లు తాళమేసి ఉన్నది. ఎవ్వలు లేరు. నేనే అడుగుదామనుకున్న. ఆమె వద్దన్నదంటే చెప్పు, వెనక్కొచ్చేస్త. చిన్నదానికి మాటిచ్చిన.”

“పక్కా రా.”

“వానొస్తే?”

“వానొస్తే నీకు కనపడుతది కద. అప్పుడు ఆగు.”

“సరే. నువ్వొచ్చుంటే మస్తుండె.” నవ్వాడు. “పోతున్న మరి.”

“పో,” అన్నాను.

అతని దగ్గర ఉపగ్రహం ద్వారా పనిచేసే చిన్న పరికరం ఉంది. అతనెక్కడున్నాడో అప్పుడప్పుడూ మ్యాపు మీద ఒక చుక్కగా చూపిస్తుంది. ఒక బటన్ నొక్కితే, ముందే రాసిపెట్టిన ఒక సందేశం నాకూ నస్రీన్‌కూ వస్తుంది. మేం పంపేవీ దానికి అందుతాయి. ‘అంతా బాగుంది, ముందుకు వెళ్తున్నాను.’ ఆ వాక్యం ఇంగ్లీషులో రాసింది కూడా నేనే.

మర్నాడు మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల మధ్య, భోజనం ముందు పెట్టుకుని చుక్కను చూస్తున్నాను. పొద్దున నది దాటే చోటు దగ్గరికి చేరింది. అక్కడ చాలాసేపు ఆగింది. తర్వాత కదిలింది. నేను గీసిన దారి మీద కాదు, నది వెంబడే కిందికి. జంతువు జాడ కనిపించి దిశ మార్చుకున్నాడనుకున్నాను. చుక్క నున్నగా, ఎక్కడా తడబడకుండా, నీలిగీత వంపులన్నీ తిరుగుతూ వెళ్తోంది. అంత బరువు మోస్తూ అంత వేగంగా నడుస్తున్నాడే అని ముచ్చటేసింది. మెట్లెక్కి సాధన చేసింది ఊరికే పోలేదనుకున్నాను. సందేశం పంపాను. ‘ఉరుకుతున్నవ్ రా! దారి మంచిగుందా?’

కాసేపటికి జవాబు వచ్చింది.

‘అంతా బాగుంది, ముందుకు వెళ్తున్నాను.’

నేను సంతోషంగా భోజనం ముగించాను.

అప్పటికే అతను పోయాడని తర్వాత చెప్పారు. పొద్దున నదిలోకి దిగినప్పుడే కొట్టుకుపోయాడు. బ్యాగు నీటిపై తేలుతూ అలా కిందికి వెళ్ళింది, పరికరం దాని పైజేబులో ఉంది. బండలకు తగిలి బటన్ నొక్కుకుపోయి ఉంటుందన్నారు. ఉండవచ్చు. మనిషి మెదడు ఒప్పుకోగలిగే వివరణ అదొక్కటే. కానీ నేను అడిగిన ప్రశ్నకే జవాబులా వచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీతో తప్ప.

సాయంత్రానికి చుక్క ఒక వంపు దగ్గర ఆగింది. మరి కదలలేదు. బ్యాటరీ అయిపోయేదాకా ఆ ఒక్క చోటునే చూపిస్తూ ఉంది. వెతికేవాళ్ళకు అక్కడ బ్యాగు దొరికింది. ఇంకా దిగువన అతను దొరికాడు. సింగపూర్ తెచ్చి చువా చు కాంగ్ ఖబరస్థాన్‌లో మట్టి చేశారు. నేనూ మట్టి వేశాను, ఈ చేత్తోనే.

నా తప్పు అక్కడితో ఆగి ఉంటే, దాన్ని తెలివితక్కువతనం అనుకుని ఏదోలా బతికేవాణ్ణేమో.

కొన్నాళ్ళకు అక్కడి పోలీసుల నివేదిక వచ్చింది. నస్రీన్ నన్ను పిలిచింది. సోఫాలో కూర్చుని కాగితాలు నా చేతికిచ్చింది. అందులో ఫారం యజమానురాలి వాంగ్మూలం ఉంది. సింగపూర్ నుంచి ఒకతను ఫోన్ చేసి నది గురించి అడిగాడని, తాను రెండుసార్లు స్పష్టంగా చెప్పానని, అతను అర్థమైందని థాంక్స్ కూడా చెప్పాడని. తాను చెప్పిన మాట కూడా ఇచ్చింది. ‘నువ్వు నిలబడ్డ చోట వాతావరణం ఫైన్‌గా ఉన్నా సరే, ఎగువన వాన పడిందంటే నది దాటవద్దు. ఆ వాన నీకు కనిపించదు. ఒక రోజు ఆగు, నీళ్ళు వాటంతటవే తగ్గుతాయి.’

ఫైన్. నేను విన్న ఒకే ఒక్క పదం. అది అక్కడుంది, ఆ వాక్యం మధ్యలో.

ఫోన్ చేసింది ఖలీలే అని పోలీసులు రాసుకున్నారు. ముందు రాత్రి ఎగువన వాన పడిందని, స్థానికులు హెచ్చరించినా అతను లెక్కచేయలేదని రాశారు.

“ఆమె చెప్పిందంట భయ్యా, రెండుసార్లు. ఇన్నంక గూడ ఎందుకు దిగిండు?” నస్రీన్ గొంతు చాలా మెల్లగా ఉంది. “మేం యాదికి రాలేదా ఆయనకు? నీతోని ఏమన్న అన్నడా?”

అప్పుడు చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

“నాతో ఏం అనలేదు భాబీ,” అన్నాను.

అదీ నా రెండో వాక్యం.

ఎందుకు? నన్ను జైల్లో వేస్తారనా? అలాంటిదేమీ ఉండదని నాకు తెలుసు. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని. అంతే. ఆ చూపు కాపాడుకోవడానికి, చనిపోయినవాడి మీద అతను చేయని తప్పు వేశాను. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళడం మానలేదు. బల్బులు మార్చాను, అమ్మాయికి లెక్కలు చెప్పాను, పండక్కి షీర్ ఖుర్మా తిన్నాను. అందరూ నన్ను మంచివాడన్నారు. తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్లలో ఖలీల్ మాట వస్తే, ‘మొండోడు, చెప్పినా వినలేదట’ అనేవారు. నేనేం చేసేవాణ్ణి? తలూపేవాణ్ణి.

ఆ తర్వాత ఆ ముసలావిడ గొంతు నన్ను వదల్లేదు. మొదట్లో గొణుగుడే. రైలు సొరంగంలోకి దూరేటప్పుడు, లిఫ్ట్ తలుపులు మూసుకునేటప్పుడు, ఏ హోరు విన్నా దాని అడుగున ఆమె మాట్లాడుతున్నట్టుండేది. ఏళ్ళు గడిచేకొద్దీ అరిగిపోవాలి కదా? అరగలేదు. ఒక్కో పదం తేటపడుతూ వచ్చింది. ఆనాడు నేను వినని మాటలు, ఆమె ఊపిరి తీసుకున్న చోట్లతో సహా, ఇప్పుడు వినిపించేవి. కాగితంలో చదివినదాన్నే మనసు ఆమె గొంతులో పలికిస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒకరోజు మా ఇంటి దగ్గరి కాలువ పక్కన నడుస్తున్నాను. సాయంత్రపు ఎండ. కాలువ అడుగున సన్నటి ధార, ఒక కొంగ. ఉన్నట్టుండి కొంగ లేచిపోయింది. ఎందుకో అని చూస్తే నీళ్ళు మట్టిరంగులోకి తిరిగాయి. చూస్తుండగానే గోడ సగం దాకా వచ్చాయి. చప్పుడు లేదు. నా మీద ఒక్క చినుకు లేదు, నెత్తిన నీలాకాశం. ఎక్కడో పైన, నాకు కనిపించని చోట, వాన పడింది. నా కాళ్ళు కదలలేదు. పక్కనున్న చైనీస్ అంకుల్ ఒకాయన నా చెయ్యి పట్టి బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆ వారం ఆ ఫారం నంబరుకు మళ్ళీ ఫోన్ చేశాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు. ఆమే ఎత్తింది. ఇంకా ముసలిదైంది. ‘హలో’ అంది. మళ్ళీ ‘హలో’ అంది. కొంతసేపు ఇద్దరి మధ్యా ఆ గాలి ఒక్కటే ఉంది. అప్పుడు ఆమె చాలా శాంతంగా, ప్రతి అక్షరమూ నాకు అర్థమయ్యేలా అడిగింది. ‘నది గురించా?’

పెట్టేశాను. వేటకు వచ్చేవాళ్ళు ఆమెకు ఫోన్ చేస్తూనే ఉంటారు. అందుకే అలా అడిగి ఉంటుంది. అలాగే అనుకోనివ్వండి నన్ను.

ఇప్పటికీ చెప్పేవాణ్ణి కానేమో. ఈమధ్య పండక్కి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి ఇప్పుడు సెకండరీ స్కూల్లో ఉంది, దాదాపు నా ఎత్తు. గోడ మీద ఖలీల్ ఫోటో కనిపించలేదు. ఎక్కడని అడిగాను. తానే తీసేశానంది. ఎందుకమ్మా అంటే ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, ఇక్కడి పిల్లల యాసలో చెప్పింది.

“హి వాజ్ వార్న్డ్, అంకుల్. టూ టైమ్స్. హి జస్ట్ డిడింట్ కేర్ లా.”

నస్రీన్ వంటింట్లోంచి చూసింది. కూతుర్ని మందలించలేదు. ఆమె కూడా అదే నమ్ముతోందని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆమె భర్త పోయినందుకు ఏడ్చిందని అనుకున్నాను. కాదు, తమను కాదని వెళ్ళినందుకు ఏడ్చింది.

“భాబీ, ఇట్ల రా,” అన్నాను. “గా ఫోన్ చేసింది ఖలీల్ కాదు.”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. చెప్పాను. కారిడార్, మేనేజరు, ఫైన్ అన్న పదం, మోకాళ్ళ లోతు, చివరికి నేను ‘పో’ అనడం. ఆ సోఫా మీద కూర్చుని నేనాడిన అబద్ధం కూడా. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అమ్మాయి తెలుగు అంతంతమాత్రం. కానీ అంతా అర్థమైంది.

“సో డాడీ డిడింట్ నో?”

“నో. ఆమె వద్దంటే వెనక్కొస్త అన్నడు. నీకు మాటిచ్చిన అన్నడు.”

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత వచ్చిన ఏడుపు ఆ వయసు పిల్ల ఏడుపులా లేదు, బడికి కొత్తగా వెళ్ళే పిల్ల ఏడుపు. నస్రీన్ ఆమెను పొదివి పట్టుకుని నేల మీద కూలబడింది. అతను ఆ క్షణమే పోయినట్టు ఏడ్చారు ఇద్దరూ. నేను అక్కడున్న సంగతే వాళ్ళకు గుర్తులేదు. గుర్తొచ్చాక నస్రీన్ తల ఎత్తింది.

“ఇగ నువ్వు రాకు,” అంది. భయ్యా అనలేదు.

నేను క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదని కాదు. అడిగితే, ఆమె ఆ దుఃఖంలో నాకు జవాబు చెప్పే పని కూడా పెట్టుకోవాలి. చెప్పులు వేసుకుని వచ్చేశాను. నీటి ఒడ్డు వెంబడి చాలా దూరం నడిచాను. చుట్టూ గాలి, పిల్లల సైకిళ్ళు, ఎవరివో మాటలు. అన్నీ వాటి వాటి చప్పుళ్ళే చేస్తున్నాయి. వాటి అడుగున ఏమీ వినిపించలేదు. మళ్ళీ వినిపిస్తుందేమో తెలియదు.

వాళ్ళకు చెప్పాక మీకెందుకు చెబుతున్నాను? నేను తలూపిన గదులు చాలా ఉన్నాయి. వాటన్నింటికీ తిరిగి వెళ్ళలేను. ఈ కాగితమైనా తిరుగుతుందేమో. మీరెప్పుడైనా ఎవరైనా అతని గురించి మాట్లాడగా వింటే చెప్పండి. అతను మొండివాడు కాదు. జాగ్రత్త తెలిసినవాడు. రోడ్డు చివర ఆగాడు, నది గురించి అడిగాడు, జవాబు విన్నాడు, నమ్మాడు.

నమ్మింది నన్ను.